సినిమాకి రాస్తే నవల పోతుందా? రిచర్డ్ ప్రైస్ సంగతి చెప్తాను

మీరు అడిగింది ఇదీ: బస్తీ జీవితం మీద రెండు నవలలు వేశారు. ఇప్పుడొక వెబ్ సిరీస్ వాళ్ళు డైలాగులు రాయమని పిలుస్తున్నారు. "అటు అడుగు పెట్టావంటే మళ్ళీ నవల రాయలేవు" అని పెద్ద రచయితలు హెచ్చరిస్తున్నారు. న్యూయార్క్‌లో రిచర్డ్ ప్రైస్ అనే ఆయన దశాబ్దాలుగా రెండూ రాస్తున్నాడని విన్నారు. ఆయనకెలా కుదిరిందో చెప్పమన్నారు.

నేను ఇరవై రెండేళ్ళుగా సినిమాలకీ సీరియళ్ళకీ డైలాగులు రాస్తున్నాను. నవలలు రెండే. మొదటిదానికీ రెండోదానికీ మధ్య పద్నాలుగేళ్ళు. కాబట్టి మీ పెద్దవాళ్ళ మాట ఉత్తదే అనను. ఆ పద్నాలుగేళ్ళూ సినిమా మింగేసిందని నేనూ చాలాకాలం చెప్పుకు తిరిగాను. ప్రైస్ పుస్తకాలు వరసపెట్టి చదివాక ఆ మాట అనడం మానేశాను. అప్పట్లో నా దగ్గర రాయడానికి సరుకే లేదు. సినిమా మీదకి నెట్టేశానంతే.

ఆయన 1949లో న్యూయార్క్ బ్రాంక్స్‌లో పుట్టాడు. పెరిగింది పార్క్‌సైడ్ హౌసెస్‌లో. ప్రభుత్వం కట్టించిన ఇలాంటి ఇళ్ళ గుంపుని అక్కడ 'ప్రాజెక్ట్' అంటారు. మన హౌసింగ్ బోర్డు క్వార్టర్స్‌ని పైకి పైకి పేర్చినట్టు ఊహించుకోండి. కార్నెల్ యూనివర్సిటీలో ఆయన చదివింది సాహిత్యం కాదు, కార్మిక సంబంధాలు. రచన నేర్చుకున్నది తర్వాత కొలంబియాలో. 1974లో మొదటి నవల 'ది వాండరర్స్' వచ్చేటప్పటికి ఆయనకి ఇరవై నాలుగేళ్ళు. బ్రాంక్స్ కుర్రాళ్ళ గ్యాంగు కథ అది. 1976లో 'బ్లడ్‌బ్రదర్స్', 1978లో 'లేడీస్ మ్యాన్', 1983లో 'ది బ్రేక్స్' వచ్చాయి. మొదటి రెండూ సినిమాలయ్యాయి కానీ స్క్రీన్‌ప్లేలు వేరేవాళ్ళు రాశారు.

తొమ్మిదేళ్ళలో నాలుగు నవలలు! అన్నిటికీ సరుకు ఒకచోటిదే: తన వాడ, తను చూసిన నాన్నలూ బాబాయిలూ, తన కాలేజీ, తన కుర్రతనం. ముప్ఫై నాలుగు నిండకుండానే ఆ గాదె ఊడ్చుకుపోయింది. ఇంకోపక్క కొకైన్ అలవాటు. ఈ రెండు సంగతులూ ఆయనే ఇంటర్వ్యూల్లో దాచకుండా చెప్పాడు. మన భాషలోనూ ఇలాంటివాళ్ళు మీకు తెలిసే ఉంటారు. మొదటి పుస్తకానికి ఊరంతా చప్పట్లు కొడుతుంది. రెండోదానికి "బాగుంది" అంటారు. మూడో పుస్తకంలో అదే అమ్మమ్మ, అదే చెరువు, అదే మేనమామ.

సరిగ్గా అప్పుడే సినిమా ఆయన్ని పిలిచింది. పిలిచినవాడు దర్శకుడు మార్టిన్ స్కోర్సెసీ. 1986లో వచ్చిన 'ది కలర్ ఆఫ్ మనీ' ప్రైస్ స్క్రీన్‌ప్లేనే. 1961 నాటి 'ది హస్లర్'లో పూల్ ఆటగాడు ఎడ్డీని పాతికేళ్ళ తర్వాత మళ్ళీ తెర మీదకి తెచ్చిన సినిమా అది. పాల్ న్యూమన్‌కి దాంతోనే ఉత్తమ నటుడి ఆస్కార్ వచ్చింది. ప్రైస్‌కి స్క్రీన్‌ప్లే విభాగంలో నామినేషన్ దక్కింది. ఆ ఏడాది ఆ విభాగంలో అవార్డు ఎవరికి పోయిందో తెలుసా? రూత్ ప్రావర్ ఝాబ్‌వాలాకి. మన ఢిల్లీలో ఏళ్ళ తరబడి ఉండి, నవలలు రాసి, 1975లో బుకర్ గెలిచిన ఆవిడే. నవలాకారిణి గెలిచింది, నవలాకారుడు ఓడాడు. "రెండూ కుదరవు" అనేవాళ్ళకి నేను చెప్పే మొదటి జవాబు ఇదే.

ఆ మర్నాటి ఏడాది, 1987లో, మైకేల్ జాక్సన్ 'బ్యాడ్' వచ్చింది. పాట మనందరికీ తెలుసు. దాని పూర్తి వెర్షన్ పద్దెనిమిది నిమిషాల చిన్న సినిమా అనీ, తీసింది స్కోర్సెసీ, రాసింది ప్రైస్ అనీ చాలామందికి తెలీదు. పెద్ద స్కూల్లో చదువుకుంటున్న కుర్రాడు సెలవలకి తన పేటకి వస్తాడు. పాత స్నేహితులు వాణ్ణి పరీక్షకి పెడతారు. పాట మొదలయ్యే ముందు నలుపు తెలుపులో నడిచే ఆ భాగం ఒకసారి చూడండి. డాన్సు లేకపోతే అది అచ్చంగా ప్రైస్ కథే.

మీ ప్రశ్నకి అసలు జవాబు మాత్రం 1989లో వచ్చిన 'సీ ఆఫ్ లవ్'లో ఉంది. అల్ పచీనో అందులో హత్యకేసుల డిటెక్టివ్. ఆ స్క్రిప్టు కోసం ప్రైస్ నిజం డిటెక్టివుల వెంట పడ్డాడు. వాళ్ళ కార్లలో తిరిగాడు, శవాల దగ్గర నిలబడ్డాడు, వాళ్ళ సోది విన్నాడు. సినిమా మొదట్లోనే ఒక సీన్ ఉంటుంది. వారెంట్లు పెండింగులో ఉన్నవాళ్ళందరికీ "యాంకీస్ ఆటగాళ్ళతో టిఫినుకి రండి" అని పోలీసులు దొంగ ఆహ్వానాలు పంపుతారు. బేస్‌బాల్ పిచ్చితో వాళ్ళంతా ముస్తాబై వస్తారు. హాలు నిండాక తలుపులు మూసి, మీరంతా అరెస్టు అంటారు. అంతా అయ్యాక, ఆలస్యంగా ఇంకొకడు వస్తాడు, చిన్న కొడుకుని చెయ్యి పట్టుకుని. పచీనో వాణ్ణి చూస్తాడు, పిల్లాణ్ణి చూస్తాడు. లోపలికి రానివ్వకుండా కోటు కాస్త పక్కకి తీసి బ్యాడ్జి చూపిస్తాడు. వాడికి అర్థమవుతుంది, కొడుకుని తీసుకుని వెనక్కి తిరుగుతాడు. ఈ పోలీసు జాలిగలవాడని ఎవరూ ఒక్క డైలాగు చెప్పరు. మన సిట్టింగుల్లో అయితే ఆ సీన్‌కి పక్కన కానిస్టేబుల్‌ని పెట్టి "ఎందుకు సార్ వదిలేశారు?" అని అడిగించేవాళ్ళం. ఆ తర్వాత హీరోకి నాలుగు లైన్లు.

గాదె ఖాళీ అయిన రచయితకి సినిమా చేసిన మేలు ఇదీ. డబ్బిచ్చి ఇంట్లోంచి బయటికి గెంటింది. తనది కాని జీవితం దగ్గర కూర్చుని వినే పని అప్పగించింది. మన దగ్గర "రీసెర్చి" అంటే నాలుగు డాక్యుమెంటరీలు చూడటం. ఆయన జెర్సీ సిటీ పోలీసులతోనూ, ఆ పేటల్లో డ్రగ్స్ అమ్ముకునే కుర్రాళ్ళతోనూ ఏళ్ళ తరబడి కూర్చున్నాడు. సినిమా అయిపోయినా కూర్చోవడం ఆపలేదు. దాన్లోంచి 1992లో 'క్లాకర్స్' వచ్చింది. ముందు నవలకీ దీనికీ మధ్య తొమ్మిదేళ్ళు. ఆ తొమ్మిదేళ్ళని వృథా అంటారా?

'క్లాకర్' అంటే వీధి చివర బెంచి దగ్గర రాత్రీ పగలూ చిన్న చిన్న సీసాల్లో కొకైన్ అమ్మే కుర్రాడు. గడియారంలా ఇరవైనాలుగు గంటలూ డ్యూటీ కాబట్టి ఆ పేరు. నవలలో ఊరు డెంప్సీ, న్యూజెర్సీలో ఉన్నట్టు కల్పించిన ఊరు. నాయకుడు స్ట్రైక్, పంతొమ్మిదేళ్ళవాడు. ఐదారుగురు పిల్లల మీద మేస్త్రీ. వాడికి నత్తి. కడుపులో అల్సర్. నొప్పి ఆగడానికి రోజంతా వెనిలా యూ-హూ తాగుతుంటాడు. యూ-హూ అంటే మన సీసా బాదంపాల లాంటి తీపి డ్రింకు. ఈ ఒక్క సీసాతో ప్రైస్ ఎంత పని చేయించుకున్నాడో గమనించండి. మత్తు అమ్మేవాడు మత్తు ముట్టడు, పాలు తాగుతాడు. భయం వాడి ముఖం మీద కనపడదు, కడుపులో మండుతుంది. వాడింకా పసివాడే. ఇవేవీ రచయిత చెప్పడు, సీసా చెప్తుంది. ఇలాంటి వివరం ఇంట్లో కూర్చుంటే పుట్టదు.

ఇంకోపక్క రోకో క్లైన్ అనే డిటెక్టివ్, రిటైర్మెంటు దగ్గరపడ్డ మనిషి. ఒక హత్య జరుగుతుంది. స్ట్రైక్ అన్న విక్టర్ తనే చేశానని ఒప్పుకుంటాడు. రెండు ఉద్యోగాలు చేస్తూ పెళ్ళాం పిల్లల్ని పోషించుకునే బుద్ధిమంతుడు విక్టర్. రోకో నమ్మడు, తమ్ముడి నేరం అన్న నెత్తిన వేసుకున్నాడని వాడి పట్టు. కథ ఇంతకంటే చెప్పను, చదువుకోండి. ఒకటి మాత్రం చెప్పాలి. రోకో వెనకాల ఒక సినిమా నటుడు తిరుగుతుంటాడు, పోలీసు వేషం కోసం "స్టడీ" చెయ్యడానికి. రోకోకి వాణ్ణి చూస్తే మురిపెం. తన జీవితం సినిమా అవుతుందని ఆశ. ఆ నటుడు నిజానికి ప్రైసే అనిపిస్తుంది నాకు. వినడానికి వచ్చినవాడు విని, తీసుకుని, వెళ్ళిపోతాడు. ఆ సిగ్గుని ఆయన నవలలోనే రాసి పెట్టాడు.

ఇక్కడ మీకు పనికొచ్చే ఇంకో సంగతి. 'క్లాకర్స్' సినిమాని మొదట స్కోర్సెసీ తియ్యాలి. ఆయన 'కసీనో' వైపు వెళ్ళి నిర్మాతగా ఉండిపోయాడు. 1995లో నల్లజాతి దర్శకుడు స్పైక్ లీ తీశాడు. తీస్తూనే పోలీసు నుంచి బరువంతా కుర్రాడి మీదకి మార్చాడు, కథని బ్రూక్లిన్‌కి తెచ్చాడు, స్ట్రైక్‌కి బొమ్మ రైళ్ళ పిచ్చి పెట్టాడు. స్క్రీన్‌ప్లే కార్డులో ఇద్దరి పేర్లూ ఉంటాయి. ప్రైస్ యూదుడు, తెల్లవాడు. నల్లపిల్లల బెంచి మీదకి బయటి నుంచి వచ్చి కూర్చున్నవాడు. లీ ఆ బెంచి వైపు నుంచి చూశాడు. నాకు నవలే ఎక్కువ. కానీ సినిమా చూశాక నవల్లో రోకో ఎన్ని పేజీలు ఆక్రమించాడో కొత్తగా కనపడింది. మీ బస్తీ నవలని రేపు ఆ బస్తీ పిల్లాడే తీస్తే ఏం మారుస్తాడో ఇప్పుడే ఒకసారి ఆలోచించుకోండి. జవాబు కాస్త ఇబ్బందిగానే ఉంటుంది.

అంతా బాగానే జరిగిందని అనుకోకండి. ఆయన ఖాతాలో కూలిపని కూడా చాలా ఉంది. రీమేకులు, పెద్ద తారల థ్రిల్లర్లు. 1996లో మెల్ గిబ్సన్ 'ర్యాన్సమ్' కార్డులో ఆయన పేరుంటుంది. చూడొచ్చు, ప్రైస్ మాత్రం పెద్దగా కనపడడు. 2015లో 'చైల్డ్ 44' అని స్టాలిన్ నాటి రష్యా కథకి రాశాడు. తన వీధి, తన యాస లేనిచోట ఆయన చెవి పనిచెయ్యలేదు. సినిమా తేలిపోయింది. తన సొంత నవల 'ఫ్రీడమ్‌లాండ్'కి తనే స్క్రీన్‌ప్లే రాస్తే 2006లో అదీ పోయింది. నవల రాసినవాడే స్క్రీన్‌ప్లే రాస్తే న్యాయం జరుగుతుందన్న మన నమ్మకం చెదరడానికి ఇది చాలు.

2003 నాటి 'సమారిటన్' నవల మీరు తప్పకుండా చదవాలి. అందులో నాయకుడు టీవీకి రాసి డబ్బు చేసుకుని, తన పాత ప్రాజెక్ట్‌కి తిరిగొచ్చి, బడిలో ఉచితంగా పాఠాలు చెప్తానంటాడు. అడిగినవాళ్ళకీ అడగనివాళ్ళకీ డబ్బిస్తాడు. ఒకరోజు ఎవరో తల పగలగొడతారు. ఎవరు కొట్టారో చెప్పడు. మంచితనం చూపించుకోవాలన్న దురద ఎంత ప్రమాదమో దానికంటే బాగా చెప్పిన పుస్తకం నేను చదవలేదు. బస్తీ మీద రాసి పేరు తెచ్చుకున్న మనలాంటివాళ్ళకి అది చెంపదెబ్బ.

తర్వాత 'ది వైర్'. బాల్టిమోర్ నగరం మీద హెచ్‌బీఓలో 2002 నుంచి 2008 దాకా వచ్చిన సిరీస్. సృష్టికర్త డేవిడ్ సైమన్ మాజీ క్రైమ్ రిపోర్టరు. మూడో సీజన్ నుంచి ప్రైస్ రాశాడు. జార్జ్ పెలెకానోస్, డెనిస్ లెహేన్ కూడా ఆ బల్ల దగ్గరే. ముగ్గురూ నవలాకారులే. సైమన్ మీద 'క్లాకర్స్' ప్రభావం ఉంది, ఆ అప్పు ఎప్పుడూ దాచుకోలేదు. చూడండి విచిత్రం: సినిమా ఆయన్ని నవలకి తోసింది, ఆ నవల ఒక టీవీ సిరీస్‌కి దారి చూపింది, ఆ సిరీస్ మళ్ళీ ఆయన్నే పిలిచి కూర్చోబెట్టింది. అందులో ఆయన కనిపిస్తాడు కూడా, రెండో సీజన్లో జైల్లో ఖైదీలకి పుస్తకం చెప్పే మాస్టారుగా. పుస్తకం 'ది గ్రేట్ గాట్స్‌బీ'. అమెరికన్ జీవితాల్లో రెండో అంకం ఉండదని ఆ పుస్తకం రాసిన ఫిట్జెరాల్డ్ అన్నాడు, ఒప్పుకుంటారా అని అడుగుతాడు. ఆ ప్రశ్న ప్రైస్ నోటి నుంచి వినడం నాకు భలే సరదాగా ఉంటుంది.

2008లో 'లష్ లైఫ్'. నా లెక్కలో ఇదే ఆయన బెస్టు. మాన్‌హట్టన్ లోయర్ ఈస్ట్ సైడ్, ఒకప్పటి వలసదారుల పేట, ఇప్పుడు బార్లూ కెఫేలూ. పుస్తకం తెరవగానే ఒక టాక్సీ. టాక్సీ కాదు, దొంగ టాక్సీ. లోపల మామూలు బట్టల్లో నలుగురు పోలీసులు, బ్రిడ్జి దిగి వచ్చే కార్లని వలేసి పడుతుంటారు. తర్వాత ముగ్గురు స్నేహితుల్ని ఇద్దరు కుర్రాళ్ళు తుపాకీతో ఆపుతారు. ఒకడు "ఈ రాత్రికి కాదు గురూ" అంటాడు, సినిమాలో హీరోలా. చచ్చిపోతాడు. బతికినవాణ్ణి పోలీసులు అనుమానించి గంటల తరబడి విచారిస్తారు, తప్పని తేలాక వదిలేసి, ఇప్పుడు సాక్ష్యం చెప్పమంటారు. వాడు చెప్పనంటాడు. పుస్తకం సగం ఆ పంతం మీదే నడుస్తుంది. ఆ విచారణ పేజీలు చూడండి, పోలీసు అరవడు. కాఫీ ఇస్తాడు, సానుభూతి చూపిస్తాడు, అడిగిందే మళ్ళీ అడుగుతాడు. చదువుతున్న మనమే ఏదో ఒకటి ఒప్పేసుకోవాలనిపిస్తుంది.

2016లో వచ్చిన 'ది నైట్ ఆఫ్' మనవాళ్ళు చాలామంది చూశారు. క్వీన్స్‌లో ఉండే పాకిస్తానీ కుటుంబం, నాన్న టాక్సీ, ఒక రాత్రి కొడుకు ఆ టాక్సీ తీసుకుని బయల్దేరడం. అది బీబీసీ సిరీస్‌కి రూపాంతరం. ప్రైస్ చేసింది అచ్చంగా ఊరు మార్చడం. ఆ ఊరు మార్చడంలో మొత్తం మారిపోయింది. 2015లో హ్యారీ బ్రాంట్ అనే మారుపేరుతో త్వరగా ఒక క్రైమ్ నవల రాసి పారేద్దామనుకున్నాడు. 'ది వైట్స్' అది. త్వరగా రాలేదు, అన్ని నవలల్లాగే ఏళ్ళు పట్టింది. చివరికి అట్ట మీద రెండు పేర్లూ పడ్డాయి. 2024లో 'లాజరస్ మ్యాన్' వచ్చింది, హార్లెమ్‌లో కూలిన ఒక బిల్డింగు చుట్టూ. అప్పటికి డెబ్భై అయిదేళ్ళు.

ఇప్పుడు మీ సంగతి. మీ రెండు నవలలూ చదివాను. మొదటిది పుట్టిన గల్లీ. రెండోది అదే గల్లీ, పదేళ్ళ తర్వాత. మూడోది కూడా అదే అయితే సినిమాకి వెళ్ళినా వెళ్ళకపోయినా ఒకటే. వెళ్ళండి. కానీ మిమ్మల్ని ఏసీ గదిలో కూర్చోబెట్టి "బస్తీ యాస కావాలి సార్, నాలుగు బూతులు పడాలి" అనే చోటికైతే వద్దు. నేనొకచోట పదకొండు వెర్షన్లు రాశాను. అడ్వాన్సు తప్ప ఏమీ రాలేదు, టైటిల్ కార్డులో పేరూ లేదు. అక్కడ నేర్చుకున్నదీ ఏమీ లేదు. అందుకే కాగితం మీద రెండు రాయించుకోండి: కార్డులో మీ పేరు ఎలా పడుతుందో, మీ నవలల్లో పాత్రల మీద వాళ్ళకి ఏ హక్కూ లేదని.

నన్ను మళ్ళీ నవలకి తెచ్చింది కూడా ఒక సినిమా పనే. పోలీసు కథ కోసం తెలిసిన ఎస్సైని బతిమాలి ఒక స్టేషన్లో పదిహేను రాత్రులు కూర్చున్నాను. ఒక రాత్రి ఒకామె వచ్చింది. మొగుడు కొట్టాడని పొద్దున తనే కేసు పెట్టింది. వాడు లోపల లాకప్పులో ఉన్నాడు. రైటరు స్టేట్‌మెంటు రాసుకుంటున్నాడు.

"ఎన్నింటికి కొట్టాడమ్మా?"

"అన్నం తిన్నాక."

"టైము చెప్పు."

"చెప్పిన గదా సార్, అన్నం తిన్నాక."

ఆమె ఒళ్ళో ఒక స్టీలు క్యారేజీ ఉంది. రైటరు అదేంటని అడిగితే కొంగు కప్పేసింది. సంతకం అయ్యాక లేచి, ఎవరి వైపూ చూడకుండా, క్యారేజీ సెంట్రీ బల్ల మీద పెట్టింది. "పచ్చడి వేరే గిన్నెల ఉంది, కారం తినడు" అంది.

సినిమా ఆగిపోయింది. ఆ క్యారేజీ నా రెండో నవలలో నలభై మూడో పేజీలో ఉంది.

మీరు వెళ్ళే చోటు స్టేషనే కానక్కర్లేదు. గాంధీ ఆసుపత్రి బయట మెట్లు, అడ్డా మీద కూలీలు నిలబడే చౌరస్తా, ఏదైనా సరే. నోట్‌బుక్ బయటికి తీయకండి, తీశారంటే అందరూ సినిమా భాష మొదలెడతారు. రాత్రి పది దాటాక వెళ్ళండి. టీలు మీరే తెప్పించండి.